మేనమామ కత్తెర

నల్లగుట్టపేట,
12 ఆగస్టు 2024

తమ్మీ లక్ష్మణ్,

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పొట్లం ఉంటుంది. సెలవు ముగించుకుని తిరిగి వస్తున్న మన ఊరి స్వామి సామాన్లలో మామిడి తొక్కు డబ్బా కింద నలిగి ఉంటుంది, మెల్లగా విప్పు. అందులో కుంకుమ, అక్షింతలు ఉన్నాయి. కుంకుమ నుదుట పెట్టుకో, అక్షింతలు నెత్తిన వేసుకో. అంటే మీ బావ, నేను కలిసి నీ దగ్గరికి వచ్చి బొట్టు పెట్టి పిలిచినట్టే. రేపు 'నన్నెవరూ పిలవలేదు' అనడానికి నీకు సందు ఉండకూడదని ఈ ఏర్పాటు.

పిలుపు దేనికో నీకు తెలుసు. మల్లిగాడి పుట్టు వెంట్రుకలు. మొదటి ఏడాదే తీయాల్సింది, కానీ వాడు పుట్టిన మూడో నెలలో నువ్వు విమానం ఎక్కావు. రెండో ఏడు సరిసంఖ్య, తీయకూడదు. ఇప్పుడు నడుస్తున్నది మూడో ఏడు. మార్చి వస్తే అదీ నిండిపోతుంది. దాటిందంటే మళ్ళీ ఐదో ఏటి దాకా వాడి తలకు కత్తెర తగలకూడదు. అప్పటికి వాడి జడ నా జడను మించుతుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మీ బావ లింగన్న నవ్వుతున్నాడు. మన ఇంట్లో ఫోన్ మాట్లాడడం ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. స్పీకర్ వేసి మంచం నడుమ పెడతారు. మా అత్త చిన్నవ్వ 'తిన్నవా' అంటుంది, నువ్వు 'తిన్న' అంటావు. మీ బావ 'ఎండ ఎట్లున్నది' అంటాడు, నువ్వు 'ఉన్నది' అంటావు. నా వంతు వచ్చేసరికి నీకు డ్యూటీ బస్సు వస్తుంది. నీ వైపు గదిలో ఎనిమిది మంది, నా వైపు ఊరంతా. రెండేళ్ళుగా మనం 'బాగున్న' తప్ప ఒక్క మాట అనుకోలేదు. అందుకే ఈ కాగితం.

మల్లిగాడు నా అంగన్‌వాడీలోనే కూర్చుంటాడు. మొన్న తనిఖీకి వచ్చిన సూపర్‌వైజర్ మేడం ఆడపిల్లలను లెక్కపెడుతూ వాడినీ కలిపేసి పదకొండు అని రాసుకుంది. నేను దిద్దించలేదు. రెండు జడలు, ఎర్ర రిబ్బను, కాళ్ళకు పట్టీలు. ఆమె తప్పేముంది?

మా అత్త రోజూ ఒకటే పాట. "మేనమామ అంటే మేనమామే ఉండాల్నా? పాలోళ్ళల్ల ఎవడన్న కూసుంటడు. గుట్ట మీది మల్లన్నకేం దెలుస్తది?"

"మల్లన్నకు తెల్వకపోతే మానె, నాకు తెలుస్తది గద" అన్నాను. దాయాదులు ఎంతమంది ఉన్నా నాకు ఉన్నది ఒక్క తమ్ముడు. నా కొడుకు నీ ఒడిలో కూర్చోవాలి, మొదటి మూడు కత్తెర్లు నువ్వు వేయాలి. ఆ తరువాతే మంగలి చేయి పడాలి. విమానం ఎక్కాక నువ్వు వాడిని ఇంతవరకు ఫోన్లో తప్ప చూడలేదు. నీకు రెండేళ్ళూ నిండాయి, సెలవు హక్కుగా వస్తుంది. మాఘమాసం అనుకుంటున్నాం. తారీఖు నువ్వు చెప్పు.

తొక్కులో సగం స్వామికి పెట్టు. మోసుకొచ్చినవాడికి ఆ మాత్రం పాలు ఉండాలి.

ఎదురు చూసే
కళక్క


మామీర్, బహ్రెయిన్,
6 సెప్టెంబర్ 2024, శుక్రవారం

అక్కా,

పొట్లం చేరింది. చెప్పినట్టే చేశాను. అక్షింతలు నెత్తిన వేసుకుంటుంటే పక్క మంచం బెంగాలీ భాయ్ చూసి "షాదీ హై క్యా?" అన్నాడు. మేనల్లుడి వెంట్రుకల సంగతి చెప్పేంత హిందీ నాకు లేదు. అవునన్నాను. మరునాడు క్యాంపు బయట టీ తాగించాడు. పెళ్ళికూతురు ఎవరో ఇప్పటికీ అడుగుతున్నాడు.

తొక్కు మూడు రోజుల్లో అయిపోయింది. సగం స్వామి తిన్నాడు. మిగతా సగం కూడా స్వామే తిన్నాడని అనుమానం.

ఇక్కడ సంగతులు ఏమున్నాయి. పొద్దున బస్సు ఎక్కితే హిద్ దగ్గరి యార్డులో దింపుతుంది. పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు. లోపలికి దిగి తుప్పు గోకాలి, తుడవాలి, రంగు వేయాలి. సాయంత్రం మళ్ళీ బస్సు. మామీర్ దగ్గరికి రాగానే ఫ్యాక్టరీల వాసన వస్తుంది. కొత్తలో ముక్కు మూసుకునేవాడిని. ఇప్పుడు ఆ వాసన వస్తే ఇల్లు వచ్చిందని లేచి నిలబడతాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. మంచిదో చెడ్డదో తెలియదు.

ఈ ఉత్తరం సైమన్ తెస్తున్నాడు. నర్సాపురం దగ్గరి మనిషి. నా పై మంచం అతనిది. శుక్రవారం వస్తే మనామాలో తెలుగువాళ్ళ ప్రార్థనకు నన్నూ లాక్కుపోయేవాడు. ప్రార్థన తరువాత భోజనం ఉంటుంది, నేను దాని కోసం వెళ్ళేవాణ్ణి. అతనికీ ఆ సంగతి తెలుసు. పోగా పోగా పాటలు కూడా వచ్చేశాయి. రేపు అతను సెలవు మీద ఇంటికి వెళ్తున్నాడు. వాళ్ళ ఊరిలో పోస్టు చేస్తాడు. కవరు వెనక అతని అడ్రసే రాశాను. చేరకపోతే తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి కదా.

సెలవు మాట. మా దగ్గర ఒకరు వెళ్ళి వచ్చాకే ఇంకొకరు వెళ్ళాలి. కాబట్టి నా పేరు మీద తారీఖు పెట్టకండి. నా కోసం ఏదీ ఆపకండి. అత్తమ్మ చెప్పింది కూడా ఒకసారి ఆలోచించండి.

మల్లిగాడి ఫోటో చూశాను. ఎడమ జడ కన్నా కుడి జడ లావుగా ఉంది. పాపట సరిగ్గా తీయడం లేదు నువ్వు.

లక్ష్మణ్


నల్లగుట్టపేట,
20 అక్టోబర్ 2024

లక్ష్మణ్‌కు,

నీ ఉత్తరం నర్సాపురం ముద్రతో తిరిగి తిరిగి వచ్చింది. చదివి బియ్యం డబ్బాలో దాచాను. మళ్ళీ తీసి చదివాను. నా పాపట వంకర కనిపించింది గానీ నా పిలుపు నీకు కనిపించలేదు.

'అత్తమ్మ చెప్పింది ఆలోచించండి' అని నువ్వు రాయడమా? పాలివాళ్ళలో ఎవడో ఒకడు కూర్చుంటే నీకు సమ్మతమా? నేను అనుకోవడం, నీకు ఏదో మనసులో ఉంది. అదేమిటో కూడా కనుక్కున్నాను. నువ్వు వెళ్ళే రోజు మీ బావ అన్న మాట. "దుబాయి పోయినోడూ, బాయిల వడ్డ బొక్కెనా ఒక్కటే. తాడు గట్టిగుంటెనే పైకొస్తది" అని అందరి ముందూ నవ్వాడు. నువ్వు నవ్వలేదు. ఆ రోజే నాకు ముల్లులా గుచ్చుకుంది.

నిన్న మీ బావను కూర్చోబెట్టి అడిగాను. "అన్నవా, అనలేదా?" "అన్న. బావను గద, ఆ మాత్రం అనొద్దా?" "తప్పయిందని చెప్పు." "ఫోన్ల చెప్త." "ఫోన్ల గాదు, కాయిదం మీద చెప్పు." నేను కలం పట్టుకుంటే ఆయన చెప్పినది ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "బామ్మర్దీ, నేనన్న మాట నీకు తాకితే మనసుల వెట్టుకోకు. నేనూ దుబాయిల ఐదేండ్లు జేసినోన్నే. బొక్కెననే. నువ్వచ్చినంక నీతోటి నాల్గు తిట్లు వడ్త, సరిపాయె."

ఇంత కిందికి ఎప్పుడూ దిగలేదు మనిషి. ఇకనైనా దయ తలచు.

పంతులు ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం అన్నాడు. మాఘం, మల్లన్న వారం. నువ్వు పెట్టొద్దన్న తారీఖు పెట్టేశాను.

కళ


మామీర్,
22 నవంబర్ 2024

అక్కా,

బావతో చెప్పు, నాకు ఏ మాటా తాకలేదు. ఆ రోజు నవ్వకపోవడానికి కారణం మెడలో కట్టిన కొత్త సంచి తాడు ఒరుసుకుపోవడం. అంతే. పాపం ఆయనతో క్షమాపణ రాయించావు. ఆ ముక్క చదివి స్వామి, నేను ఇద్దరం నవ్వాము.

ఫిబ్రవరికి నేను రాలేను. ఎందుకో రాయకపోతే నువ్వు ఇంకెవరితోనో క్షమాపణ రాయిస్తావు, కాబట్టి రాస్తున్నాను.

మా పాస్‌పోర్టులు ఆఫీసులో ఉంటాయి. పాస్‌పోర్టు పనివాడి దగ్గరే ఉండాలని చట్టం. ఆ సంగతి మూడు భాషల్లో రాసిన కాగితం ఆఫీసు గోడకు అంటించారు. ఆ గోడకు ఆనించిన బీరువాలోనే మా పాస్‌పోర్టులు పెట్టి తాళం వేస్తారు. సెలవు మీద వెళ్ళాలంటే ఇంకొక పనివాడు జమానతు సంతకం పెట్టాలి. వెళ్ళినవాడు తిరిగి వచ్చేదాకా పెట్టినవాడికి సెలవు లేదు, పాస్‌పోర్టు లేదు. వెళ్ళినవాడు రాకపోతే, అతని అగ్రిమెంటు గడువు తీరేదాకా వీడు ఇక్కడే. ఇది ఏ చట్టంలోనూ లేదు. మా కంపెనీలో ఉంది.

సైమన్‌కు నేను పెట్టాను. రెండు నెలల సెలవు. నవంబర్ ఏడున రావాలి. రాలేదు. అతని అగ్రిమెంటు వచ్చే ఏప్రిల్ దాకా ఉంది.

లేబర్ ఆఫీసుకు పోవచ్చు కదా అని బావ అంటాడు. పోవచ్చు. పోయినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళకు వచ్చాయి, పని పోయింది. నాకు ఇంకా పని కావాలి.

సైమన్‌ను తిట్టొద్దు. నా బదులు పాలివాళ్ళలో ఎవరినైనా కూర్చోబెట్టండి. వెంట్రుకలే కదా.

లక్ష్మణ్


నల్లగుట్టపేట,
28 డిసెంబర్ 2024

తమ్మీ,

'వెంట్రుకలే కదా' అన్నావు. సరే, ఆ మాట తరువాత చూసుకుందాం.

తిట్టొద్దన్నావు కానీ తిట్టకుండా ఉండడం నా వల్ల కాలేదు. మూడు రోజులు తిట్టాను. పిల్లలకు పప్పు వడ్డిస్తూ తిట్టాను, అన్నం వార్చుతూ తిట్టాను. ఒకడి సంతకం మీద విమానం ఎక్కి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి ఎలాంటివాడు? నీ పాటలు, నీ ప్రార్థనలు, నీ భోజనాలు, అన్నిటికీ కలిపి నిన్ను అక్కడ కట్టేసి పోయాడు. మీ బావ అయితే వినగానే అర్థం చేసుకున్నాడు. "మాకూ గిదే ఉండె. జమానతు వెట్టినోనికి నిద్ర రాదు, వోయినోనికి యాదికి రాదు" అన్నాడు.

నీకు మెత్తదనం ఎక్కువ. చిన్నప్పుడు నీ పలక ఎవడు పగలగొట్టినా 'కింద వడ్డది' అనేవాడివి. ఇప్పుడూ అంతే.

కవరు బియ్యం డబ్బాలో ఉంది. వెనక అడ్రసు ఉంది. జనవరి ఐదున మీ బావ, నేను సికింద్రాబాదు పోయి నర్సాపురం బండి ఎక్కుతున్నాం. ఆ సైమన్‌ను చెవి పట్టుకుని విమానం ఎక్కిస్తాను. వాడు తిరిగి వస్తే నీకు బీరువా తెరుచుకుంటుంది. ఫిబ్రవరి తొమ్మిదికి ఇంకా సమయం ఉంది.

వద్దని ఫోన్ చేయకు. చేసినా నేను విననని నీకు తెలుసు.

అక్క


మామీర్,
3 జనవరి 2025

అక్కా,

నిన్న ఫోన్లో నర్సాపురం ప్రయాణం సంగతి విని మూడుసార్లు పోవద్దన్నాను. 'నువ్వు ఊకో' అని పెట్టేశావు. గదిలో ఫోర్మన్ తమ్ముడు ఉన్నాడు. అంతకన్నా చెప్పలేకపోయాను. రేపు జగిత్యాల మనిషి ఒకతను వెళ్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. ఇది చేరేసరికి నువ్వు వెళ్ళి కూడా వచ్చి ఉంటావు. అయినా రాస్తున్నాను.

సైమన్ మోసం చేయలేదు. అతను రాడని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.

జూలైలో జరిగింది. జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదు. తనిఖీ కారు వస్తుంది. వచ్చినప్పుడు చూస్తే బయట ఎవరూ ఉండరు, అందరూ నీడన కూర్చుని ఉంటారు. ట్యాంకు లోపల ఇద్దరు ఉంటారు. "అందర్ ధూప్ కహా హై, భాయ్? యల్లా" అంటాడు ఫోర్మన్. నిజమే, లోపల ఎండ లేదు. ఎండకు కాలిన ఇనుము ఉంది.

ఆ రోజు లోపలి వంతు నాది. పొద్దుటి నుంచి తల నొప్పిగా ఉందన్నాను. "నువ్వు కూర్చో, నేను దిగుతాలే" అని సైమన్ దిగాడు. గంటన్నర తరువాత పిలిస్తే పలకలేదు. తాడు వేసి పైకి లాగాం. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. మనిషి మమ్మల్ని గుర్తు పట్టలేదు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వచ్చాక చేయి వణుకు పట్టుకుంది.

ఆఫీసు కాగితంలో ఏమి రాశారంటే, క్యాంపు బాత్‌రూములో కాలు జారి పడ్డాడు అని. పంపించేయండి అంటే అగ్రిమెంటు పూర్తి కాలేదన్నారు. జబ్బు మనిషినని చెబితే డాక్టరు కాగితం తెమ్మన్నారు. డాక్టరు దగ్గరికి పంపింది వాళ్ళే, కాగితం రాయించుకున్నదీ వాళ్ళే. మిగిలిన దారి సెలవు ఒక్కటే. అప్పటికి సెలవు వంతు నాది. నా వంతు అతనికి ఇచ్చి, జమానతు నేనే పెట్టాను. ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ళను తప్పుపట్టను.

వెళ్ళే రోజు నా చేయి పట్టుకుని తిరిగి వస్తానని ప్రమాణం చేయబోయాడు. అతని దేవుడి మీద అబద్ధం ఎందుకని వద్దన్నాను. నవంబరులో ఫోన్ చేశాడు, నీకు ఇబ్బంది ఉందా అని. లేదు, కంపెనీ వదిలేసింది, నేనూ డిసెంబరులో ఇంటికి పోతున్నాను అన్నాను. అతను నమ్మాడు. అక్కా, ఆ ఒక్కటీ అతనికి చెప్పొద్దు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు సరేనంటావని భయం. అప్పుడు నా మేనల్లుడి వెంట్రుకలు నేనే పోగొట్టానని నాకు రోజూ తెలుస్తుంది. కోపంగా ఉంటేనే నయం అనిపించింది.

'వెంట్రుకలే కదా' అని రాశాను. రాశాక ఆ రోజు అన్నం తినలేదు.

లక్ష్మణ్


నల్లగుట్టపేట,
12 ఫిబ్రవరి 2025

నా తమ్ముడు లక్ష్మణ్‌కు,

నీ ఉత్తరం జనవరి పన్నెండున చేరింది. మేము అప్పటికి నర్సాపురం నుంచి వచ్చి నాలుగు రోజులు. కాబట్టి నువ్వు చెప్పొద్దన్నది చెప్పడం అయిపోయింది. చెప్పింది మీ బావ. అడ్డుపడాలని నాకు అప్పటికి తెలియదు.

వరుసగా చెబుతాను. బస్సు దిగి కాలువ గట్టు మీద రెండు మైళ్ళు నడిచాం. దారి పొడుగునా ఏమేమి తిట్టాలో సరిచూసుకుంటూ నడిచాను. ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, ముందు పందిరి. పందిరి కింద ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా పేరు చెప్పగానే లేచాడు. నేను నోరు తెరిచేలోపు అతనే అడిగాడు: "కళక్కా అండి? లక్ష్మణ్ వచ్చేశాడాండి? బాబు పుట్టు వెంట్రుకలు అయిపోయాయా?"

నా తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మీ బావకు మాత్రం ఉండలేదు. "యాడొచ్చిండు? నువ్వు వోకపోతివి, మావోడు నీ జమానతుల ఆడ్నే ఇరుకవడ్డడు" అన్నాడు.

"నాతో ఖలాస్ అయిపోయిందన్నాడండి. వదిలేశారన్నాడండి" అన్నాడు సైమన్. తరువాత లోపలికి చూసి "దీవెనా, నా బ్యాగు తియ్యి" అన్నాడు. అతని భార్య దీవెన లోపలికి వెళ్ళి బ్యాగు తెచ్చి మా ముందు పెట్టింది. దాని పిడికి బహ్రెయిన్ విమానం చీటీ ఇంకా అంటుకుని ఉంది. అతను చొక్కా తొడుక్కుని గుండీ పెట్టుకోబోయాడు. చేయి వణుకుతోంది. ఒక్క గుండీ కోసం ఎంతసేపు పట్టిందో తెలియదు, మేము ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. చివరికి దీవెన వచ్చి పెట్టింది. "మీరు కూర్చోండక్కా, మంచినీళ్ళు తెస్తాను" అని వెళ్ళి, లోపల ఏడ్చింది. మాకు వినిపించింది.

చెవి పట్టుకుని విమానం ఎక్కిస్తానన్నాను కదా. అతను ఎక్కడానికి సిద్ధంగా నిలబడ్డాడు, చెవి పట్టుకోవడానికి నాకే చేయి రాలేదు. అప్పుడు ట్యాంకు సంగతి అంతా అతని నోటి వెంట విన్నాను. నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, నీ మీద. నాకు చెప్పి ఉంటే నేను మాత్రం కాదనేదాన్నా? నీ అక్కను అంత తక్కువగా లెక్కపెట్టావు.

మీ బావ వైపు చూశాను. ఆయన కింద చూస్తూ "బ్యాగు లోపట వెట్టమను" అన్నాడు.

"అన్నా, మీరు అక్కడికి పోవద్దు" అన్నాను సైమన్‌తో. "పోయి మా తమ్ముణ్ణి విడిపించొద్దు. ఫిబ్రవరి తొమ్మిదిన మా ఊరు రండి. వాడు కూర్చోవాల్సిన చోట కూర్చోండి." సంచిలో కుంకుమ పొట్లం ఎప్పుడూ ఉంటుంది, తీశాను. తీశాక గుర్తొచ్చి చేయి ఆగింది. దీవెన నవ్వింది. "బొట్టు మేము పెట్టుకోమక్కా. పిలుపు మాత్రం అందింది" అంది.

వచ్చారు తమ్మీ, ఇద్దరూ. ముందు రోజు సాయంత్రమే దిగారు, వాళ్ళ అమ్మ లూర్దుమేరి చేసి పంపిన పూతరేకుల డబ్బాతో. ఊరిలో గుసగుసలు మొదలయ్యాయి. మన కులం కాదు, మన దేవుడు కాదు, మేనమామ స్థానంలో వాడెవడు అని. సైమనే అందరికీ వినపడేలా చెప్పాడు. "నేను మొక్కనండి. లక్ష్మణ్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటానండి. అంతే." మా అత్త చిన్నవ్వ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

గుట్ట మీద పీట వేశాం. మల్లిగాడు కొత్త మనిషి ఒడిలో చక్కగా కూర్చున్నాడు. పూతరేకుల డబ్బా అతని చేతిలో ఉంది మరి. మంగలి కత్తెర అందించాడు. సైమన్ తీసుకున్నాడు. అప్పుడు చూశాను, కత్తెర మొనలు టకటక కొట్టుకుంటున్నాయి. పిల్లవాడి చెవి అక్కడే ఉంది. డప్పు కొట్టేవాళ్ళు కూడా ఆపేశారు. సైమన్ ఒకసారి దించాడు, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. "నా వల్ల కాదక్కా" అని నా వైపు చూశాడు.

నేను లేచేలోపు మా అత్త వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, అతని పక్కన కూర్చుని, రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది. "నేను వట్టుకుంట. నువ్వు కొయ్యి బిడ్డా" అంది.

మూడు కత్తెర్లు పడ్డాయి.

తరువాత మంగలి మిగతా పని మొదలుపెట్టి నుదుటి దాకా వచ్చేసరికి మా అత్తే ఆపింది. "ముందటి జుట్టు ముట్టకు. అది మా లచ్చుమన్ పాలు. ఆయనొచ్చినంకనే." ఇన్నాళ్ళూ ఎవడైనా ఒకడే అన్న మనిషి. ఇప్పుడు మల్లిగాడు నున్నని గుండుతో, నుదుటి మీద ఒక్క పిలకతో ఊరంతా తిరుగుతున్నాడు. నవ్వనివాడు లేడు. సైమన్‌ను వాడు మామ అన్నాడు. నేను దిద్దించలేదు.

పిలక ఉంచాం. ఐదో ఏడు, ఆరో ఏడు అని ఇక లెక్క లేదు. నువ్వు ఎప్పుడొస్తే అప్పుడు.

నాకు నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. వచ్చాక పోతుంది.

నీ అక్క
కళ


మామీర్,
2 మే 2025

అక్కా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. మామీర్ వాసన వచ్చింది, అందరూ దిగారు, నేను దిగలేదు. ఏడ్చాను. డ్రైవర్ పఠాన్ ముసలాయన వెనక్కి వచ్చి చూసి, బండి ఆపి కూర్చున్నాడు. అత్తమ్మకు నా దండాలు చెప్పు.

ఏప్రిల్ నెలాఖరుకు సైమన్ అగ్రిమెంటు గడువు తీరింది. ఆఫీసులో అతని ఫైలు మీద ఎర్ర గీత కొట్టారు. నా పేరు విడుదలైంది. సెలవు అడిగాను, ఇస్తామన్నారు. జమానతు తెమ్మన్నారు.

గదిలో అడిగాను. సైమన్ రాకపోవడం అందరూ చూశారు, నేను ఎనిమిది నెలలు ఆగిపోవడమూ చూశారు. ఒకరు చెప్పులు వెతుక్కున్నారు, ఒకరు స్నానానికి వెళ్ళారు. బెంగాలీ భాయ్ దుప్పటి కప్పుకున్నాడు. నేనైనా అంతే చేసేవాణ్ణేమో.

స్వామి మాత్రం కలం అడిగాడు. అతని భార్య స్వర్ణకు నెలలు నిండాయి. మన ఊరిదే కదా, నువ్వే ఆమెకు గుడ్లు, పాలు ఇస్తూ ఉంటావు. ఇవాళో రేపో కాన్పు. బిడ్డను చూసుకోవడానికి ఆగస్టులో స్వామి సెలవు. అంటే నేను జూలై నెలాఖరు లోపల తిరిగి ఇక్కడ ఉండాలి. "వస్తవా?" అని అడిగాడు సంతకం పెట్టే ముందు. "వస్త" అన్నాను. "ప్రమాణం చెయ్యి" అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూన్ ఐదున వస్తున్నాను. పిలకకు నూనె రాసి ఉంచు. పాపట నేను తీస్తాను. బావ నాతో పడాల్సిన నాలుగు తిట్లు బాకీ ఉన్నాయి, సిద్ధంగా ఉండమను. సైమన్‌ను, దీవెనను పిలువు. ఒక్కసారి మల్లిగాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని, ఆ నాలుగు వెంట్రుకలు కోసి, మీ అందరి నడుమ కూర్చుని అన్నం తింటాను.

ఒక్క మాట అడుగుతాను, కాదనకు. ఆ ఉన్నన్ని రోజులూ స్వర్ణను, ఆమె బిడ్డను మన ఇంటి వైపు రానివ్వు. నాకు ఎదురుగా కనిపిస్తూ ఉండనివ్వు. ఇక నువ్వు, నేను తిరిగి వెళ్ళే రోజు ఏడిస్తే ఏడువు, తిడితే తిట్టు. ఉండిపొమ్మని మాత్రం అనకు అక్కా. నువ్వు అంటే నేను ఉండిపోతాను.

తమ్ముడు
లక్ష్మణ్